మార్చి తప్పితే సెప్టెంబరు

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "అమెరికా నుంచి వస్తున్నావు కదా, విజయ రహస్యం లాంటిది ఏదైనా నాలుగు మాటల్లో చెప్పు, పిల్లలు కూడా వస్తారు" అన్నారు. ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన ఇంజనీరు, అరిజోనా అని అచ్చు వేయించారు. చాలా సంతోషం. కానీ ఆ పక్కన ఒక అంకె కూడా వేయించాల్సింది. 29. అది 1985 మార్చిలో పదో తరగతి లెక్కల్లో నాకు వచ్చిన మార్కు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ హాల్లో ఓ పదిమంది ఉంటారు. మిగతావాళ్లకు ఇవాళ తెలిసింది. కాబట్టి నా దగ్గర విజయ రహస్యం ఏమీ లేదు. నేను చూసిన ఒక ఆట గురించి చెబుతాను. చివరికి మళ్లీ ఆ 29 దగ్గరికే వస్తాను.

నేను ఉండేది ఫీనిక్స్ నగరం పక్కన. ఎండలో మన రెంటచింతలకు అన్నగారు. ఆ నగరానికి వాయవ్యంగా సర్‌ప్రైజ్ అనే ఊరుంది. నిజంగానే ఊరి పేరు అది. 2018 నవంబరు 3, దీపావళి ముందు శనివారం, ఆ ఊరి స్టేడియంలో బేస్‌బాల్ ఆట చూడటానికి వెళ్లాను. మా పక్కింటాయన బలవంతం మీద వెళ్లానని చెప్పాలి. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. "ఇవాళ ఆడేవాళ్లలో ఒక్కరి పేరు కూడా నీకు తెలియదు, అందుకే రా" అన్నాడు.

బేస్‌బాల్ తెలియనివారి కోసం రెండు మాటలు. బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. అతనికీ బ్యాటు పట్టినవాడికీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. బంతి నేలకు తగిలి లేవదు, నేరుగా మీదికి వస్తుంది. బ్యాటు గుండ్రంగా ఉంటుంది, బంతీ గుండ్రమే. పది ప్రయత్నాల్లో మూడుసార్లు సరిగ్గా కొట్టి బేస్ చేరగలిగితే మంచి బ్యాటర్ అంటారు. అంటే ఆ ఆటలో మొనగాడు కూడా పదింటిలో ఏడుసార్లు తప్పుతాడు. ఈ లెక్క విన్నప్పుడే నాకా ఆట మీద ఇష్టం పుట్టింది.

మేజర్ లీగులో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు కింద మెట్లు మెట్లుగా నాలుగైదు చిన్న జట్లుంటాయి. వాటిని మైనర్ లీగులంటారు. పల్లె, మండలం, జిల్లా, రాష్ట్రం అన్నట్టు కుర్రాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కాలి. వేసవి అంతా ఆడి సెప్టెంబరుకల్లా వాళ్ల సీజన్ ముగుస్తుంది. ఆ తర్వాత ప్రతి పెద్ద జట్టూ తన కుర్రాళ్లలో కొందరిని ఏరి మా ప్రాంతానికి పంపుతుంది. దాన్ని అరిజోనా ఫాల్ లీగ్ అంటారు. 1992లో మొదలైంది. ఆరు జట్లు, ఆరు వారాల ఆట. ఐదేసి పెద్ద జట్ల పిల్లల్ని కలిపి ఒక్కో ఫాల్ లీగు జట్టు కడతారు. టోపీ అందరికీ ఒకటే. చొక్కా మాత్రం ఎవరి సొంత జట్టుది వారిదే. ఒకే వైపు ఆడుతున్న తొమ్మిదిమందీ రంగురంగుల చొక్కాల్లో, మన బడిలో యూనిఫాం లేని శనివారంలా కనిపిస్తారు. ఆ ఆరు జట్లలోనూ మెరుగైనవాళ్లను రెండు పక్షాలుగా చేసి ఒక ప్రదర్శన ఆట ఆడిస్తారు. నేను చూసింది అదే.

మరి ఇంత శ్రమపడి ఈ లీగు ఎందుకు? ఆ ప్రశ్నే మా పక్కింటాయనను అడిగాను. కొందరిని త్వరగా పై మెట్టు ఎక్కించాలని పంపుతారట. ఇంకొందరు దెబ్బ తగిలి సీజన్ పోగొట్టుకున్నవాళ్లు. పోయిన ఆటను ఈ ఆరు వారాల్లో రాబట్టుకోవడానికి వస్తారు. నేను ఒక్క క్షణం ఆగి నవ్వాను. ఎందుకు నవ్వావని అడిగాడు. "దీన్ని మా ఊళ్లో సెప్టెంబరు పరీక్ష అంటారు" అన్నాను. అది ఆయనకు విడమరిచి చెప్పడానికి రెండు ఇన్నింగ్స్ పట్టింది. మీకు ఆ అవసరం లేదు.

మేము కూర్చున్నది బ్యాటర్ వెనక వైపు. అక్కడ సగం కుర్చీలు స్కౌట్లవి. జట్ల తరఫున కుర్రాళ్లను బేరీజు వేసేవాళ్లను స్కౌట్లంటారు. ఒకరి చేతిలో బంతి వేగం కొలిచే రాడార్ గన్, ఇంకొకరి చేతిలో స్టాప్‌వాచ్. బంతి కొట్టినవాడు 90 అడుగుల దూరంలోని మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆ పైచిలుకు ఎంతో తేల్చడానికే ఆ గడియారం. ఎవరూ చప్పట్లు కొట్టరు. కాయ పరుగు తీసినా కొట్టరు, పండు రాలినా కొట్టరు. రాసుకుంటారు అంతే.

నాకు ఆ వాతావరణం కొత్త కాదు. నా ఉద్యోగం చిప్‌లను పరీక్షించడం. ఒకే వేఫర్ మీద పక్కపక్కనే పుట్టిన చిప్‌లు కూడా ఒకేలా ఉండవు. ఒకటి ఎక్కువ వేగాన్ని తట్టుకుంటుంది, ఇంకొకటి తట్టుకోదు. కొలిచి, వేగాన్ని బట్టి వేరుచేసి పెడతాం. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని. అందుకే ఆ గడియారాల వాళ్లను చూస్తే మనవాళ్లే అనిపించింది.

నా ముందు వరుసలో ఒక పెద్దాయన చిన్న పుస్తకంలో ఏవో రాస్తున్నాడు. ఉండబట్టలేక ఆ అంకెలేమిటని అడిగాను. చెప్పాడు. వాళ్ల కొలమానం 20 నుంచి 80 వరకు. మేజర్ లీగు ఆటగాడి సగటు 50. కొట్టడం, బలంగా కొట్టడం, పరుగు, విసురు, బంతి పట్టడం, ఇలా ఒక్కో విద్యకూ ఒక్కో అంకె. అంతవరకు అర్థమైంది. కానీ ఆయన పుస్తకంలో ప్రతి విద్యకూ ఎదురుగా రెండేసి అంకెలున్నాయి. ఒకచోట 35, పక్కన 55. మరోచోట 40, పక్కన 60. రెండోది ఏమిటని అడిగాను.

"మొదటిది ఇవాళ్టిది. రెండోది ఈ కుర్రాడు ఎదిగాక ఉండబోయేది. మొదటి అంకె ఎవడైనా రాస్తాడు. నాకు జీతమిచ్చేది రెండోదాని కోసం" అన్నాడు.

నేను వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. మా దగ్గర చిప్‌కి ఒకటే అంకె. ఇవాళ తప్పిన చిప్ రేపు నేర్చుకుని రాదు. మన ప్రోగ్రెస్ కార్డులోనూ ఒకటే గడి. 35 వస్తే పాస్, 34 వస్తే ఎర్ర గీత. పిల్లవాడిని చిప్‌ని చూసినట్టు చూస్తున్నామని అంతవరకు నాకు తోచలేదు.

ఇక ఆట. ఆ సాయంత్రం ఒక పక్షానికి నేట్ పియర్సన్ అనే కుర్రాడు బంతి విసరడానికి వచ్చాడు. టొరంటో బ్లూ జేస్ వాళ్ల మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, భారీ మనిషి. 2017లో మొదటి రౌండులోనే ఎంపికయ్యాడు. 2018 మే నెలలో, ఆ సీజన్‌లో అతని మొట్టమొదటి ఆటలో, రెండు ఇన్నింగ్స్ కూడా పూర్తికాకముందే ఎదుటివాడు కొట్టిన బంతి తిరిగొచ్చి అతను విసిరే చేతికే తగిలింది. ఎముక విరిగింది. ఆ ఏడాది అక్కడితో సరి. అందుకని మా అరిజోనాకు వచ్చాడు. అచ్చంగా సెప్టెంబరు కుర్రాడు.

ఎదురుగా బ్యాటుతో పీట్ అలోన్సో. న్యూయార్క్ మెట్స్ కుర్రాడు. ఆ ఏడాది మైనర్ లీగుల్లో 36 హోమ్ రన్లు కొట్టాడు. అప్పట్లో పెద్ద జట్లు సెప్టెంబరులో కింది మెట్ల నుంచి కుర్రాళ్లను పిలిచి అవకాశమివ్వడం ఆనవాయితీ. అన్ని కొట్టినా అతన్ని పిలవలేదు. అతనికీ సెప్టెంబరు బాకీ ఉందన్నమాట.

పియర్సన్ బంతి ఆ రోజు రాడార్‌లో గంటకు 104 మైళ్లదాకా చూపించింది. అంటే 167 కిలోమీటర్లు. మనం గొప్పగా చెప్పుకునే షోయబ్ అఖ్తర్ రికార్డు 161.3. అలోన్సోకు విసిరిన బంతుల్లో ఒకటి 103 మైళ్లు. చేతినుంచి వదిలాక బ్యాటు చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు కూడా పట్టదు. రెప్ప వేసి తెరిచేలోపు అయిపోతుంది. అలోన్సో దాన్ని హోమ్ రన్ కొట్టాడు. నాకు శబ్దం వినిపించింది, బంతి కనిపించలేదు. జనం అంతా ఒకవైపు తలలు తిప్పితే నేనూ తిప్పాను. అప్పటికి అది కంచె దాటిపోయింది.

ఆ క్షణంలో మొదటిసారి స్కౌట్లలో కూడా కదలిక వచ్చింది. కొందరు నవ్వుతూ తలలు ఊపారు. నేను మాత్రం పిచర్ వైపు చూశాను. విరిగిన చెయ్యి అతుక్కుని, ఆర్నెల్లు ఆగి వచ్చి, తన శక్తి కొద్దీ విసిరిన బంతి. అంత వేగంగా విసరగలిగినవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా అది కంచె దాటింది. అతను చేతిలో కొత్త బంతి తీసుకుని, నేలను కాలితో సర్దుకుని, మళ్లీ నిలబడ్డాడు. ముందు వరుస పెద్దాయన వైపు వంగి, "ఇప్పుడు ఆ కుర్రాడి అంకె తగ్గిస్తారా?" అని అడిగాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఎందుకు? తర్వాతి బంతి ఎలా వేస్తాడో చూద్దాం" అన్నాడు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. మరుసటి ఏడాది అలోన్సో మేజర్ లీగులో 53 హోమ్ రన్లు కొట్టాడు. తొలి ఏడాది ఆటగాడు అన్ని కొట్టడం మేజర్ లీగు చరిత్రలో అదే మొదటిసారి. పియర్సన్ 2020లో మేజర్ లీగు చేరాడు. మొదటి ఆటలో ఐదు ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత గాయాలు అతన్ని వదల్లేదు. ఆట మధ్యలో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ విసిరే పనికి మారి, ఆ దారిలో కొనసాగాడు. సెప్టెంబరు రాసిన ప్రతివాడూ ఫస్ట్ క్లాసులో పాసవుతాడని నేను చెప్పడం లేదు. రాయనివ్వాలి అంటున్నాను.

అక్కడ పేరు చూసి ఎవరూ పరుగులు ఇవ్వరు. బాస్కెట్‌బాల్‌లో మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన మైకేల్ జోర్డన్ ఆ ఆట వదిలి 1994లో బేస్‌బాల్‌కి వచ్చినప్పుడు ఇదే ఫాల్ లీగులో ఆడాడు. అతని సగటు .252. అంటే నాలుగింట ఒకటి. మన దేశం నుంచి కూడా ఇద్దరు వెళ్లారు. రింకూ సింగ్, దినేష్ పటేల్. ఉత్తరప్రదేశ్ పల్లెటూరి పిల్లలు, ఈటె విసిరేవాళ్లు. 2008లో ఒక టీవీ పోటీలో వేగంగా బంతి విసిరి గెలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందు బేస్‌బాల్ ఆడి ఎరగరు. మైనర్ లీగుల్లో కింది మెట్ల మీద ఆడారు. ఇద్దరూ మేజర్ లీగు దాకా వెళ్లలేదు. 2014లో వాళ్ల మీద మిలియన్ డాలర్ ఆర్మ్ అనే సినిమా వచ్చింది. సినిమా వాళ్లు ఒప్పందం దగ్గర ఆపేశారు. నాకైతే ఆ తర్వాత భాషరాని ఊళ్లో రోజూ పొద్దున్నే లేచి ఆడిన రోజులే గొప్పవి అనిపిస్తుంది.

ఆ మెట్ల మీద బతుకు తేలిక కాదు. 2023లో కొత్త ఒప్పందం వచ్చేదాకా అట్టడుగు మెట్టు కుర్రాడి కనీస జీతం ఏడాదికి 4,800 డాలర్లు. ఆ ఒప్పందంతో 19,800 అయింది. అమెరికాలో 4,800తో గది అద్దె కూడా గడవదు. ఇంటి దగ్గర కాస్త ఆసరా ఉన్నవాడు నిలబడ్డాడు. లేనివాడు ఎంత ప్రతిభ ఉన్నా మధ్యలో సంచి సర్దుకున్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అమెరికా కుర్రాడు కాదు. నా బెంచీ స్నేహితుడు.

ఇప్పుడు 29 దగ్గరికి వద్దాం.

1985లో లెక్కల్లో తప్పినవాళ్లం మా బెంచీలో ఇద్దరం. నేనూ, నా పక్కవాడూ. వాడు ఈ హాల్లోనే ఉన్నాడు. నిన్న రాత్రి వాడిని అడిగే ఈ సంగతి చెబుతున్నాను. "చెప్పరా, పర్లేదు. పేరు మాత్రం ఎత్తకు, మా కోడలు కూడా వస్తోంది సభకి" అన్నాడు. కాబట్టి పేరు చెప్పను. నోటి లెక్కల్లో వాడు నాకంటే చురుకు. సంతలో బస్తాల లెక్క కాగితం లేకుండా చెప్పేవాడు.

ఫలితాలు వచ్చిన మర్నాడే లెక్కల మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఆయన ఇప్పుడు మన మధ్య లేరు. వారి అమ్మాయిగారు ముందు వరుసలో ఉన్నారు. మాస్టారు మా నాన్నతో ఎక్కువ మాట్లాడలేదు. "రేపటి నుంచి పొద్దున్న ఆరింటికి మా అరుగు మీదికి పంపండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ నాతో, "మీ పక్కవాడిని కూడా తీసుకురా" అన్నారు.

మొదటి రోజు అదే ప్రశ్నపత్రం ఇచ్చి మళ్లీ చేయించారు. చేసింది చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ జబ్బు పదో తరగతిలో లేదురా, ఆరో తరగతిలో ఉంది. నీకు భిన్నాలు రావు. అక్కడ కన్నం పెట్టుకుని ఇక్కడిదాకా నీళ్లు మోసుకొచ్చావు" అన్నారు. పదిహేను రోజులు పదో తరగతి పుస్తకం తెరవనివ్వలేదు. ఒట్టి భిన్నాలు. సగంలో మూడోవంతు, మూడోవంతులో సగం. ఎండలు ముదిరేలోపు నా భయం పోయింది. ఫీజు తీసుకోలేదు. మా అమ్మ ఒక జాడీ ఆవకాయ పంపితే, "ఇది మాత్రం తీసుకుంటాను" అన్నారు. సెప్టెంబరులో పాసయ్యాను. ఒక ఏడాది వెనకబడి పాలిటెక్నిక్‌లో చేరాను. అక్కడినుంచి ఇంజనీరింగ్. మిగతాది ఆహ్వాన పత్రికలో ఉంది.

మాస్టారు నా 29 చూశారు. దాని పక్కన ఇంకో అంకె వేసుకున్నారు. అది నాకు సర్‌ప్రైజ్ స్టేడియంలో, ముప్ఫైమూడేళ్ల తర్వాత అర్థమైంది.

మరి నా పక్కవాడు? మాస్టారు చెప్పారు కదా తీసుకురమ్మని. నేను వెళ్లాను. ఒక్కసారి వెళ్లాను. వాళ్లమ్మ, "లారీ మీద క్లీనరుగా వెళ్లాడు బాబూ, ఎల్లుండి వస్తాడు" అంది. ఎల్లుండి నేను వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. మాస్టారు అడిగితే, "రానన్నాడండి" అని చెప్పాను. వాడు రానని అనలేదు. నేను వాడిని చూడనే లేదు. రెండోసారి అంత దూరం నడవడానికి బద్ధకించి అబద్ధమాడాను.

నిన్న రాత్రి ఆ మాట వాడికి చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి. వాడు కాసేపు ఊరుకుని, "నువ్వు వచ్చినా నేను వచ్చేవాడిని కాదేమోరా. పరీక్షంటే నాకు భయం లేదు. ఫీజు డబ్బులు మా నాన్నని అడగాలంటేనే భయం" అన్నాడు. నన్ను తేలిక చేయడానికి అన్నాడో, నిజమే చెప్పాడో నాకు తెలియదు. వాడు కష్టపడ్డాడు, లారీలు కొన్నాడు, పిల్లల్ని చదివించాడు. వాడి మీద జాలి పడితే నన్ను తంతాడు. కానీ వాడికి రావాల్సిన రెండో అవకాశం మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య దారిలో ఆగిపోయింది. ఆపినవాళ్లలో నేనొకణ్ణి.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంలో సంఘానికి ఒక మనవి. మనం ఏటా పదో తరగతిలో మొదటి మూడు స్థానాల వాళ్లకు బహుమతులిస్తున్నాం. ఇవ్వాలి, ఆపమనడం లేదు. ఆ పిల్లలు కష్టపడి తెచ్చుకున్నది. అయితే ఈసారి జూబిలీ నిధిలో కొంత భాగం తప్పినవాళ్ల కోసం పెట్టండి. ఇప్పుడు సెప్టెంబరు పరీక్ష లేదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అంటున్నారు. ఏడాది వృథా కాకుండా ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే పెడుతున్నారు. అది మంచిదే. కానీ మాస్టారు నాతో భిన్నాలు చేయించిన పదిహేను రోజులు ఇప్పటి పిల్లలకు దొరకవు. తప్పారని తెలిసిన మర్నాడే ఎవరో ఒకరు గుమ్మంలో ఉండాలి.

నేను అడిగేవి మూడు. ఒకటి, ఫలితాల మర్నాటి నుంచి బడిలో ఒక గది తెరిచి ఉంచాలి. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు ఈ ఊళ్లోనే ఉన్నారు. వారికి గౌరవ వేతనమిచ్చి కూర్చోబెడదాం. రెండు, పరీక్ష ఫీజు సంఘమే కట్టాలి. పిల్లవాడు తండ్రిని అడిగే పని ఉండకూడదు. మూడు, తప్పిన ప్రతి పిల్లకీ పిల్లవాడికీ మనలో ఒకరు పూచీ తీసుకోవాలి. ఇంటికి వెళ్లాలి. లేడంటే మళ్లీ వెళ్లాలి. మూడోది డబ్బుతో అయ్యేది కాదు, అందుకే గట్టిగా అడుగుతున్నాను. మొదటి మూడేళ్ల ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇళ్లకు తిరిగే పని నా స్నేహితుడు తీసుకుంటానన్నాడు. "నేను వెళితే వాళ్ల నాన్నలు వింటారు" అన్నాడు. ఆ మాట నిజం.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు చెప్పేంతవాడిని కాను. ఒక్కటే కోరుకుంటాను. ఏప్రిల్‌లో ఫలితాల కాగితం చేతికి వచ్చినప్పుడు, ఎర్ర గీత ఉన్న పేర్ల పక్కన పెన్సిల్‌తో ఇంకో అంకె వేసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు. తప్పు పడినా ఫరవాలేదు. ఆ స్కౌట్ల అంకెలు కూడా చాలాసార్లు తప్పుతాయి. అయినా వాళ్లు రెండో గడి ఖాళీగా వదలరు.

మాస్టారి అమ్మాయిగారికి, ఆయన అరుగుకి, నా నమస్కారం.  వెనక బల్లల వాళ్లు ఇక లేవచ్చు. భోజనాలు తయారని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.